కోడలిది వేరే మతమైనప్పుడు: చెల్లెలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెమ్మను అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. అబ్బాయి నరసాపురం వైపు క్రైస్తవుల పిల్లను చేసుకుంటానంటున్నాడనీ, ముందుగా ఆ అమ్మాయి పేరు మార్పించి గుళ్లో మూడు ముళ్లు వేయిస్తే బంధువుల నోళ్లు మూతపడతాయనీ రాశావు. ఆ పని చేయవద్దు. హిందూ వివాహ చట్టం వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది కాబట్టి, ఆ పిల్ల లోపల క్రైస్తవురాలిగానే ఉంటూ పైకి మారినట్టు సంతకం పెడితే, మీ ఇంట ఆమె కాపురం అబద్ధంతో మొదలవుతుంది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో సువార్త పని చేపట్టిన నాటి నుంచీ వశిష్ఠ గోదావరి అవతల తరతరాలుగా ప్రార్థన నడుస్తున్న ఇళ్లున్నాయి. నీకు తులసికోట ఎంతో, వాళ్లకు ఆదివారం ఆరాధన అంత.

ఇంకొకటి అడుగుతాను, నొచ్చుకోకు. నీ బెంగ మతం గురించా, కులం గురించా? మన వాళ్లలో సగం మంది పైకి దేవుడి పేరు ఎత్తుతారు గాని, వాళ్లకు కావలసింది ఆ పిల్ల తాతలది ఏ పేట అన్న సమాచారమే. ఆ బాధ మతం మార్చినా తీరదు, కనుక వాళ్ల కోసం ఆ పిల్ల చేత విశ్వాసం వదిలించడంలో అర్థం లేదు.

ఎవరి మతంలో వాళ్లు ఉంటూ పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసరుకు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువుంటుంది, ఆ తరువాత ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. ఆ కాగితం గోడ మీద చూసి ఎవరో ఒకరు మీ వీధిలో టముకు వేస్తారు కాబట్టి, దగ్గరి బంధువులకు నువ్వే ముందు చెప్పడం మేలు. బావగారికి కూడా ఒక సంగతి చెప్పు: ఈ చట్టం కింద వేరే మతం వారిని చేసుకుంటే అబ్బాయి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే చట్టం లెక్క. కొబ్బరితోటలో అతని వాటా ఎక్కడికీ పోదు గాని, ఆ లెక్కలు ప్లీడరు దగ్గర ఇప్పుడే తేల్చుకుంటే అన్నదమ్ముల మధ్య తరువాత మాట రాదు.

అసలు చిక్కు వంటింట్లో వస్తుంది. విగ్రహాలకు అర్పించిన పదార్థాల గురించి బైబిల్లో, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో, పెద్ద చర్చే ఉంది. దాన్ని బట్టి ప్రసాదం ముట్టని వాళ్లున్నారు, పట్టింపు లేని వాళ్లూ ఉన్నారు. ఆమె ఏ తీరు మనిషో ఆమెనే అడుగు. తిననంటే, పండగనాడు పూర్ణాలు, పులిహోర నైవేద్యానికి చిన్న గిన్నెలోకి తీసి పెట్టు, పూజ అయ్యాక నీ అలవాటు ప్రకారం ఆ గిన్నెను మళ్లీ పెద్ద తపేలాలో కలిపెయ్యకు. అంత మాత్రంతో అందరూ ఒకే వరసలో కూర్చుని తినవచ్చు. బొట్టు పెట్టుకోమని ఒకసారి అడగవచ్చు, పేరంటాళ్ల ముందు మాత్రం అడగరాదు. మీ అత్తగారి తద్దినం వంట నువ్వో, పెద్దకోడలో చూసుకోండి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి దేవుళ్ల ప్రభలు వరిచేలల్లోంచి, కౌశిక ఏటిలోంచి వచ్చేటప్పుడు చూడటానికి రమ్మను; తీర్థం చూసినంత మాత్రాన ఎవరి మతమూ మారదు. అలాగే క్రిస్మస్‌కు వాళ్లు పిలిస్తే వంక చెప్పకుండా వెళ్లు.

పిల్లల సంగతి పెళ్లికి ముందే, వియ్యపురాలి ఎదుట, నోరు విప్పి మాట్లాడుకోండి. బాప్తిస్మం, పుట్టువెంట్రుకలు, రెండూ పిల్లలు పెద్దయ్యేవరకు ఆపుకొమ్మని నా సలహా. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు వాళ్ల మాట కూడా విను. ఏది కుదిరినా, తల్లికి తెలియకుండా బిడ్డను అప్పనపల్లి బాలాజీ గుడికి తీసుకెళ్లి తల నీలాలు ఇప్పించే పని మాత్రం చేయవద్దు. అలాంటివి చేసి కొడుకు గడప తొక్కలేకపోయిన వాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు, నీకు తెలుసు.

నోటీసు ఏ రోజు ఇస్తారో కబురు చెయ్యి. ముగ్గురు సాక్షుల్లో నువ్వొకతెవు, మరొకణ్ణి నేను. మూడో సంతకం వాళ్ల వైపు నుంచి ఎవరు పెడతారో వియ్యంకులను అడిగి రాయి.

ఇట్లు,
అన్నయ్య