అంకె పుట్టిన చోటు అడుగు

బిడ్డా,

పేపర్లో చేరి నెల తిరక్కముందే ప్రెస్‌నోట్లతో తల తిరుగుతోందని మీ నాయిన చెప్పాడు. ఒక్కో ఆఫీసు నుంచి ఒక్కో అంకె, సాయంత్రానికల్లా వార్త పంపాలన్న టెన్షన్, ఏది నమ్మాలో ఏది పక్కన పెట్టాలో తేలదు. మొన్న ఫోన్‌లో అడిగావు గానీ, అది రెండు మాటల్లో తెగే సంగతి కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

గణాంక శాఖలో చేసి రిటైరయ్యాడు కదా, పెద్దనాయిన దగ్గర ఏదో చిట్కా ఉంటుందనుకోకు. నాకున్నది ఒక అలవాటు, అంతే. అంకె పెద్దదా చిన్నదా అని చూడకముందే అది ఎక్కడ పుట్టిందో అడుగుతా. ఎవరు లెక్కపెట్టారు, ఏ చోట లెక్కపెట్టారు, దేనితో భాగించారు. ఈ మూడూ తెలిస్తే సగం వార్తలు వాటంతట అవే సర్దుకుంటాయి.

వరి దిగుబడి ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు అని రాస్తారు కదా, అది ఎట్లా వస్తుందో ఎప్పుడైనా చూశావా? జిల్లాలో పండిన వడ్లన్నీ ఎవరూ తూచరు. పంట కోత ప్రయోగం అని చేస్తారు. ర్యాండం నంబర్ల (చీటీలు తీసినట్టు ఎటూ మొగ్గకుండా వచ్చే అంకెల) పట్టిక పట్టుకుని ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ సర్వే నంబరు, ఆ మడిలో ఏ చోటు అన్నది తేలుస్తారు. మడి నైరుతి మూల నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు టేపుతో కొలిచి, మూలల్లో మేకులు కొట్టి తాడు కడతారు. తాడు లోపలి పైరు మాత్రమే కోసి, నూర్చి, తూస్తారు. అది 25 చదరపు మీటర్లు. హెక్టారంటే 10,000. కాబట్టి ఇక్కడి ప్రతి కిలోనూ 400తో గుణించాలి. తాడు కాస్త అటు జరిగి ఒక్క కిలో ఎక్కువ వచ్చినా, కాగితం మీద హెక్టారుకు నాలుగు క్వింటాళ్లు పెరిగినట్టే!

రైతు పక్కనే నిలబడి ఉంటాడు. పంట పోయి పరిహారం కోసం చూస్తున్న ఏడాది "సార్, ఆ చివర కోయండి, అక్కడ తాలు తప్ప ఏమీ లేదు" అంటాడు. బాగా పండిన ఏడాది నిండుగా ఉన్న వైపు చెయ్యి చూపిస్తాడు. అతన్ని తప్పుపట్టను, అతని కడుపు మంట అతనిది. కానీ ఆ చోటు రైతు ఎంచుకోకూడదు, ఆఫీసరూ ఎంచుకోకూడదు. ర్యాండం నంబర్లు ఉన్నది అందుకే. ఇంకొకటి, కోసిన రోజు వడ్లు పచ్చిగా ఉంటాయి, ఆరితే తూకం తగ్గుతుంది. ఎవరైనా రెండు జిల్లాల దిగుబడులు పక్కపక్కన పెట్టి గొప్పలు చెబితే, అది పచ్చి వడ్ల తూకమా, ఆరాక తూకమా అని అడుగు. ఒకరిది అదీ, ఒకరిది ఇదీ అయితే ఆ పోలికకు విలువ లేదు.

(జూన్ 29న గణాంక దినోత్సవం అని లోపలి పేజీలో చిన్న వార్త వేస్తారు చూడు, అది గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు. ఇట్లా కొంత కోసి మొత్తం అంచనా కట్టే సర్వేలను మన దేశంలో నిలబెట్టిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. కలకత్తాలో ఆయన దగ్గర పనిచేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సి.ఆర్.రావు మన తెలుగువాడే. ఈసారి ఆ వార్త నీకిస్తే నాలుగు లైన్లు ఎక్కువ రాయి.)

ఇక సగటు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊళ్లున్న మర్రిగూడ, మునుగోడు వైపు వెళ్లినప్పుడు దీన్ని మనసులో పెట్టుకో. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక ఊళ్లో నాలుగు బోర్లు ఉన్నాయనుకో. వాటిలో 0.6, 0.8, 0.9, 3.5 వచ్చాయి. సగటు 1.45. "గ్రామంలో సగటు ఫ్లోరైడ్ పరిమితి లోపే" అని నోట్ వస్తే అందులో అబద్ధం ఒక్క ముక్క ఉండదు. కానీ సగటు నీళ్లు ఎవరూ తాగరు బిడ్డా. నాలుగో బోరు పక్కింటి పిల్లవాడు తాగేది 3.5. ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతిని నడుము వంగిన మనుషులను చూసిన జిల్లాలో, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ పేరు పెట్టిన చోట, ఈ మాత్రం అడగకుండా వార్త రాయకూడదు. సగటు చెప్పినప్పుడల్లా అన్నిటికన్నా ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అని అడుగు. తలసరి ఆదాయం వార్తలకూ ఇదే మాట.

నీ దగ్గరకొచ్చిన జూలై వర్షపాతం నోట్ కూడా ఇట్లాంటిదే, కాకపోతే ఇందులో ఇంకో మెలిక ఉంది. వాతావరణ శాఖ లెక్కలో మామూలు కన్నా 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా "సాధారణం" అనే రాస్తారు. జూలైలో ఒక మండలానికి 150 మిల్లీమీటర్లు పడాలనుకో. రెండు రోజుల్లో 130 దంచికొట్టి, ఆ తర్వాత మూడు వారాలు చుక్క రాలకపోయినా అది సాధారణమే. చెల్కలో పెట్టిన పత్తి గింజ ఈలోపు మాడిపోయి ఉంటుంది. అందుకే ఎంత పడిందన్నది చాలదు, ఎన్ని రోజులు పడిందన్నది కావాలి. 2.5 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ పడితేనే దాన్ని వాన రోజు కింద లెక్కేస్తారు. ఆ సంఖ్య ఆఫీసులో ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ.

పదో తరగతి ఫలితాల రోజు జాగ్రత్త. దేవరకొండ వైపు ఒక తండా బడిలో ఎనిమిది మంది రాశారనుకో. అందరూ పాసైతే నూటికి నూరు, సన్మానాలు, ఫోటోలు. మరుసటేడు ముగ్గురు ఫెయిలైతే 62.5 శాతం, హెడ్మాస్టరుకు మెమో. ఆ ఏడాదిలో బడిలో మారిందేమీ లేకపోవచ్చు. నూటఇరవై మంది రాసే హైస్కూల్లో ముగ్గురు ఫెయిలైతే 97.5 దగ్గర ఉంటుంది. జాబితాలో పైన ఉన్న బడులు చూడు, అడుగున ఉన్నవీ చూడు. రెండు చివర్లలోనూ చిన్న బడులే ఎక్కువ కనిపిస్తాయి. పిల్లలు తక్కువైతే శాతం ఊగిపోతుంది, అంతే. "అట్టడుగున ఫలానా బడి" అని హెడ్డింగు పెట్టే ముందు మూడు నాలుగేళ్ల ఫలితాలు కలిపి చూడు. ఆ సారు పరువు నీ చేతిలో ఉంటుంది.

ప్రైవేటు కాలేజీల ఫుల్ పేజీ ప్రకటనల గురించి ఎక్కువ రాయను, మీ జీతాలు వాటిలోంచే వస్తాయి. ఎంతమంది చేరారు, పరీక్ష దాకా ఎంతమందిని ఉంచారు అన్నది మాత్రం ఆ ర్యాంకర్ల ఫోటోల కింద ఎక్కడా ఉండదు.

జిల్లాల విషయంలో మన దగ్గర ప్రత్యేకంగా ఒక గోతి ఉంది. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జనాభా 40 లక్షల పైమాటే. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. అప్పటి మహబూబ్‌నగర్ వేరు, ఇప్పటిది వేరు. పేరు ఒకటే కదా అని పాత రోడ్డు ప్రమాదాలు, పాత పత్తి విస్తీర్ణం తెచ్చి ఇప్పటివాటి పక్కన పెడితే అన్నీ సగానికన్నా ఎక్కువ పడిపోయినట్టు కనిపిస్తాయి. నల్లగొండకూ అంతే, సూర్యాపేట, యాదాద్రి అందులోంచి పోయాయి. పైగా 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడాది జరగలేదు. "లక్ష మందికి ఇంత" అని ఎవరన్నా చెబితే ఆ లక్ష ఏ ఏటి జనాభా అంచనా నుంచి తీశారో అడుగు.

శాతాల దగ్గర ఇంకో చిన్న మాట. పాత మహబూబ్‌నగర్ అక్షరాస్యత 2001లో 44 శాతం, 2011లో 55 శాతం. "దాదాపు 11 పాయింట్లు పెరిగింది" అని ఒకరు రాస్తారు, "దాదాపు పాతికశాతం పెరిగింది" అని ఇంకొకరు. రెండూ లెక్క ప్రకారం సరైనవే. అధికారంలో ఉన్నవాళ్లు పెద్దది పట్టుకుంటారు, లేనివాళ్లు చిన్నది. నువ్వు మొదటి అంకె, చివరి అంకె రెండూ రాసెయ్. ఏడేళ్లు నిండిన వాళ్లనే లెక్కలోకి తీసుకుంటారన్నదీ ఒక లైను చేర్చు.

ఇంత చదివి అంకెలన్నీ మోసమే అనుకునేవు, అది ఇంకా చెడ్డ రోగం. అట్లా అనేవాళ్లు చాలాసార్లు పట్టిక చదవడానికి బద్ధకించేవాళ్లే. నీళ్లు పరీక్షించి ఊరూరా లెక్కలు రాయబట్టే ఫ్లోరైడ్ ఊళ్ల గోడు గట్టిగా వినిపించింది. ఆఫీసులో కింది ఉద్యోగి మీద కూడా ఎగరకు. "తప్పు రాశారు" అంటే ముడుచుకుపోతాడు. "సార్, మండలాల వారీ పట్టిక ఉంటే ఇస్తారా" అంటే చాయ్ పోయించి మరీ చూపిస్తాడు, తన పని ఎవరో చదువుతున్నారన్న సంబరం అతనికి.

నీ దగ్గరున్న ఆ జూలై వర్షపాతం నోట్ రేపే వేయకు. మండలాల వారీ అంకెలు, వాన రోజుల సంఖ్య రెండూ అడుగు. ఇవ్వనంటే, అడిగినా ఇవ్వలేదని రాయి. చేతికొచ్చాక నాకు వాట్సాప్‌లో పెట్టు. ఫోటో వంకరగా తీయకు, నా కళ్లద్దాలకు చిన్న అంకెలు ఆనవు.

మీ పెద్దనాయిన