యూరిన్ కల్చర్‌కి మళ్లీ శాంపిల్ ఎందుకు అడుగుతారు?

యూరిన్ కల్చర్ (యూరిన్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) కోసం ఆదోనిలో పొద్దున్నే యూరిన్ పట్టి, బస్సులో కర్నూలు ల్యాబ్‌కి తీసుకెళ్తే ‘రకరకాల బ్యాక్టీరియా పెరిగాయి, మళ్లీ శాంపిల్ ఇవ్వండి’ అన్నారు, ఎందుకలా అని ఒకరు అడిగారు. చాలాసార్లు దీనికి కారణం శాంపిల్ పట్టిన తీరు, ప్రయాణంలో తగిలిన వేడి.

ఒంటి వేడిలో, పరిస్థితులు బాగా అనుకూలిస్తే, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మన ఎండాకాలం సంగతి తెలిసిందే, 40 డిగ్రీలు దాటుతుంది. చర్మం మీది నుంచి పడిన నాలుగు క్రిములు కూడా దారిలో విపరీతంగా పెరిగిపోతాయి. మిల్లీలీటరుకు లక్ష కాలనీలు (ల్యాబ్‌లో క్రిముల నుంచి పెరిగే గుంపులు) ఉంటే ఇన్ఫెక్షన్ అని సాధారణంగా లెక్క. ఆ లెక్కే తారుమారైతే డాక్టరు ఏ మందు రాయాలి?

కాబట్టి శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ (క్రిములు లేని) డబ్బాలోనే పట్టండి. మూత లోపలి వైపు వేలు తగలనివ్వొద్దు. రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరదనిపిస్తే ఐస్ ప్యాకులున్న బాక్సులో పెట్టండి. 4 డిగ్రీల దగ్గర 24 గంటల దాకా ఆగుతుంది. నన్నడిగితే, కర్నూలు వెళ్లి ల్యాబ్‌లోనే ఇవ్వడం మేలు. అప్పటికే యాంటీబయాటిక్ వాడుతుంటే ఆ మాట ఫారంలో తప్పకుండా రాయించండి.

ఒక్క జాగ్రత్త: ఈ ఐస్ సలహా అన్ని శాంపిళ్లకూ పనికిరాదు. కల్చర్‌కి పంపే వెన్ను నీరు, బ్లడ్ కల్చర్ బాటిళ్లు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తెచ్చే కొన్ని బ్యాక్టీరియా చలికి చచ్చిపోతాయి.