పదేళ్లలో ధర రెట్టింపైతే ఇల్లు మంచి పెట్టుబడేనా?

తెలిసినవాళ్ల ఫ్లాట్ ధర పదేళ్లలో రెట్టింపైంది, లోను తీసుకునైనా ఒకటి కొని అద్దెకివ్వొచ్చా అని అడిగారు. రెట్టింపు అన్న మాట వినగానే చాలామంది లెక్క ఆపేస్తారు, అసలు చిక్కంతా అక్కడే. పదేళ్లలో రెట్టింపంటే చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 7.2 శాతం. అదీ ఖర్చులేవీ లేకపోతే.

ఇల్లు ధర 100 అనుకోండి. రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ లాంటివి 8. అంటే పెట్టుబడి 108. పదేళ్లకు 200కి అమ్మి, బ్రోకర్‌కి 2 ఇస్తే మిగిలేది 198. పెరుగుదల 6.25 శాతానికి దిగింది. ఇక అద్దె నెలకు 0.3 చొప్పున ఏడాదికి 3.6. ఏటా ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే 3.3. రిపేర్లకు 1, పన్నూ బీమాలకు 0.3 తీసేస్తే చేతికొచ్చేది 2. అంటే 108 మీద 1.85 శాతమే. అద్దె ఏటా కొంత పెరుగుతుంది కాబట్టి మొత్తం రాబడి 8 శాతం దగ్గర తేలుతుంది. అమ్మినప్పుడు కట్టే పన్ను ఇందులో లేదు.

లోను వడ్డీ 9 శాతమైతే ఈ ఇల్లు మీకు లాభం తేదు. 20 ఏళ్ల లోనులో మొదటి ఈఎంఐలో 83 శాతం వడ్డీకే పోతుంది. పదేళ్లు కట్టాక కూడా అసలులో 71 శాతం బాకీ ఉంటుంది. మధ్యలో అమ్మాల్సి వస్తే ఈ అంకె చూసి గుండె జారుతుంది, ముందే చూసుకోండి.

పెరిగేది స్థలం విలువ. కట్టడం ఏటా పాతబడుతుంది, లిఫ్టు, పైపులు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. ఒకే ధరకు రెండు ఫ్లాట్లుంటే స్థలంలో వాటా ఎక్కువున్నదే నేను తీసుకోమంటాను, హాలు కాస్త చిన్నదైనా సరే.

అద్దె ఎంతొస్తుందో బ్రోకర్‌ని అడగొద్దు, అదే బిల్డింగులో అద్దెకున్న ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ఇల్లు చూడ్డానికి వాన పడ్డ మర్నాడు వెళ్లండి. బాత్రూం అవతలి గోడ కింది భాగం, సీలింగు మూలలు చేత్తో తడిమి చూడండి. గోడంతా పాతబడి ఒక్కచోటే కొత్త రంగుంటే లోపల చెమ్మ ఉందేమోనని అనుమానించాలి. ప్లంబర్‌తో చూపించి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.