ట్రావెల్ బిల్లులే కదా అని తీసిపారేయకండి

ప్రశ్న: సీఏ ఇంటర్ పాసై ఆడిట్ ఫర్మ్‌లో ఆర్టికల్‌షిప్ (తప్పనిసరి శిక్షణ) చేస్తున్నాను. ఉద్యోగుల విదేశీ ప్రయాణాల బిల్లులు వోచింగ్ చేయడమే (ఖాతాల్లోని పద్దులతో సరిచూడటమే) నా పని. ఇప్పుడు వాటిలో విదేశీ కరెన్సీలో అయిన ఖర్చెంతో తేల్చి, డిస్‌క్లోజర్‌కు, అంటే కంపెనీ ఖాతాల కింద నోట్స్‌లో వెల్లడించడానికి, లెక్క ఇమ్మన్నారు. ఈ గుమస్తా పని రేపు ఉద్యోగానికి పనికొస్తుందా? ఫర్మ్ మారిపోనా?

జవాబు: మారే సంగతి తర్వాత. ముందు ఆ లెక్క మీ చేత్తోనే పూర్తి చేయండి.

ఒక ఉద్యోగి సింగపూర్ వెళ్లొచ్చాడనుకోండి. లెడ్జర్‌లో విదేశీ ప్రయాణ ఖర్చు 3 లక్షలు. అందులో లక్ష రూపాయలు విమాన టికెట్టు కోసం ఇక్కడి ట్రావెల్ ఏజెంటుకు కట్టినవి. ప్రయాణం విదేశానికే అయినా ఆ ఖర్చు రూపాయల్లోనే అయింది. హోటలుకూ రోజువారీ భత్యానికీ డాలర్లలో పోయిన 2 లక్షలే మీరు తేల్చాల్సిన అంకె. లెడ్జర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు నోట్‌లో దించేస్తే తప్పే. మరి ఉద్యోగి సొంత కార్డు గీకి, కంపెనీ నుంచి రూపాయల్లో తీసుకుంటే? అక్కడ వాదనకు చోటుంది. కంపెనీ ఏటా ఏ పద్ధతి పాటిస్తోందో చూసి, మీ అభిప్రాయం వర్కింగ్ పేపర్లలో (ఆడిట్ పని రికార్డుల్లో) రాయండి.

రేటు విషయం మీరు చదివిందే: విదేశీ మారకంపై అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 11 ప్రకారం లావాదేవీ నాటి రేటు. మార్చి 31న డాలర్లు మిగిలి ఉంటే వాటికి ఆ రోజు ముగింపు రేటు, తేడా లాభనష్టాల ఖాతాకు.

అసలు ఇంటర్వ్యూలో దొరికిపోయేది ఎక్కడంటే, ఈ అంకె ఎక్కడ చూపాలన్న దగ్గర. 2013 కంపెనీల చట్టం షెడ్యూల్ 3, డివిజన్ 1 కింద రాయల్టీ, కన్సల్టేషన్ ఫీజు, వడ్డీలతో పాటు ‘ఇతర విషయాల’పై విదేశీ కరెన్సీ ఖర్చు కూడా నోట్స్‌లో చూపాలి. ప్రయాణం పేరు అక్కడ ఉండదు, ‘ఇతర’లో చేరుతుంది. ఇండ్-ఏఎస్ (అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా రూపొందించిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) పాటించే కంపెనీల డివిజన్ 2లో ఆ నిబంధనే లేదు. అంతమాత్రాన మీ పని తప్పిపోదు. సెక్షన్ 134(3)(ఎం), అకౌంట్స్ రూల్స్‌లోని రూల్ 8 ప్రకారం బోర్డు రిపోర్టులో విదేశీ మారకం రాకపోకలు చెప్పాలి, అదీ వాస్తవంగా వచ్చినంత, పోయినంత. మార్చిలో బస చేసిన హోటల్ బిల్లును ఏప్రిల్లో బ్యాంకు ద్వారా పంపితే ఖర్చు ఈ ఏడాదిది, చెల్లింపు వచ్చే ఏడాదిది. ఖాతాల్లోని అంకెకూ బోర్డు రిపోర్టు అంకెకూ తేడా వచ్చిందని కంగారుపడి రెంటినీ బలవంతంగా కలిపేయకండి, ఆ తేడా ఎందుకొచ్చిందో చూపే రీకన్సిలియేషన్ పట్టిక తయారు చేయండి. నన్నడిగితే మీ రెజ్యూమెలో ‘వోచింగ్ చేశాను’ కంటే ఆ ఒక్క కాగితం గురించిన వాక్యానికే విలువెక్కువ.

ఇది ఇచ్చాక, విదేశీ చెల్లింపులపై టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను కోత) పనీ, ఏడాది చివర విదేశీ కరెన్సీ బాకీలను ముగింపు రేటుకు మార్చే రీస్టేట్‌మెంటూ మీకే ఇవ్వమని ప్రిన్సిపాల్‌ను (మీకు శిక్షణ ఇచ్చే సీఏను) నోరు తెరిచి అడగండి. ఒకటికి రెండుసార్లు అడిగినా బిల్లుల కట్టలే ఇస్తుంటే, అప్పుడు సీఏ ఇన్‌స్టిట్యూట్ వారి ఆర్టికల్‌షిప్ బదిలీ నిబంధనలు తీసి చదవండి.