మసాయి మారా సఫారీకి ఏం సర్దుకోవాలి? అత్తయ్య మంకీ క్యాప్ నుంచి మొదలుపెడతాను

ఆగస్టులో అమ్మానాన్నలతో కెన్యా వెళ్తున్నామని, అక్కడి వన్యప్రాణి పార్కుల్లో మూడు రాత్రులు మసాయి మారా, రెండు రాత్రులు అంబోసెలి అని, బ్యాగుల్లో ఏం పెట్టుకోవాలో చెప్పమని మీరు అడిగారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులనీ, రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా అనీ కూడా రాశారు. మేం ముగ్గురం, అంటే నేను, మావారు, అత్తయ్య, ఒక ఆగస్టులోనే ఇవే రెండు చోట్లకు వెళ్లొచ్చాం. మేం చేసిన తప్పులతో కలిపి చెప్తాను.

ముందు చలి సంగతి. ఆఫ్రికా అనగానే మండే ఎండే గుర్తొస్తుంది మనకి. మారా భూమధ్యరేఖకు దగ్గరే గానీ, సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. మన అరకు కంటే ఎత్తు. తెల్లవారకముందే లేపేస్తారు, ఆరింటికల్లా బండి కదుల్తుంది, చూడటానికి వీలుగా పైకప్పు ఎత్తేసి ఉంచుతారు. 12, 13 డిగ్రీల చలికి ఆ గాలి తోడైతే చెవులు మొద్దుబారిపోతాయి. అత్తయ్య ఇంటి దగ్గర మంకీ క్యాప్ బ్యాగులో పెడుతుంటే "అమ్మా, వెళ్లేది కేదార్‌నాథ్ కాదే" అని మావారు ఒకటే నవ్వు. రెండో రోజు పొద్దున సింహాల దగ్గర బండి ఆగేసరికి ఆ మంకీ క్యాప్ ఆయన తల మీదే ఉంది. అత్తయ్య శాలువా ముసుగేసుకుని "ఫొటో తియ్యవే వీణ్ణి" అన్నారు. కాబట్టి మనిషికో స్వెట్టరు, గాలి ఆపే జాకెట్, చెవులు కప్పే టోపీ, సాక్సులు. తొమ్మిదింటికి ఎండెక్కుతుంది, అప్పుడు ఒక్కొక్కటీ తీసేసుకోవచ్చు. మధ్యాహ్నానికి కాటన్ చొక్కా, అంచున్న టోపీ, సన్‌స్క్రీన్ కావాల్సిందే.

రాత్రి చలికి మాత్రం క్యాంపు వాళ్లే ఏర్పాటు చేస్తారు. అది మాకెవరూ చెప్పలేదు. మొదటి రాత్రి అత్తయ్య దుప్పట్లో కాళ్లు పెట్టగానే మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. టెంటు అదిరిపోయేలా కేక. టార్చి పట్టుకుని కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే, గుడ్డ తొడుగేసిన రబ్బరు వేణ్నీళ్ల సంచీ! మనం భోజనానికి వెళ్లినప్పుడు పక్కల్లో పెట్టి వెళ్తారట. మర్నాటి నుంచి అది లేకపోతే ఆవిడ పడుకునేవారు కాదు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు బరువు. నైరోబీలో విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో మారా వెళ్తుంటే మామూలుగా మనిషికి 15 కిలోలు, చేతిసంచీ, కెమెరాతో కలిపి. పైగా బ్యాగు మెత్తగా ఉండాలి, ఎందుకంటే సామాను పెట్టే చోటు ఇరుకు, అందులోకి కుక్కాలి. మా ట్రావెల్ ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు. కౌంటర్ దగ్గర అబ్బాయి మా గట్టి ట్రాలీ సూట్‌కేసును వేలితో తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకేముంది, అక్కడే నేల మీద తెరిచి చీరలు, ఆవకాయ డబ్బా, మందులు అందరి ముందూ బయటపెట్టాం. మమ్మల్ని దింపిన డ్రైవరు పాపం తన దగ్గరున్న గుడ్డ సంచీ ఒకటి తెచ్చిచ్చాడు. సూట్‌కేసు తిరిగొచ్చేదాకా ఆయన దగ్గరే ఉంది. మీరు చక్రాల్లేని జిప్ బ్యాగులు కొనుక్కోండి. రోడ్డు మీద వెళ్తే ఈ బాధ లేదు గానీ, అప్పుడు కూడా సూట్‌కేసు కంటే బ్యాగే నయం.

బట్టలు తక్కువ చాలు. మూడు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు. సఫారీ కదా అని ఖాకీ జతలు కొత్తగా కుట్టించక్కర్లేదు, అలమరలో ఉన్న మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు బట్టలు సరిపోతాయి. ముదురు నీలం, నలుపు వద్దు. కుట్టే ట్సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే చేస్తారు. మిలిటరీ మచ్చల ప్యాంట్లు మన దగ్గర పిల్లలు కూడా వేసుకుంటారు గానీ, కెన్యాలో మామూలు జనం వేసుకోవడం నిషేధం, ఇంట్లో వదిలేయండి. చాలా క్యాంపుల్లో బట్టలు ఉతికిస్తారు, లోదుస్తులు మాత్రం తీసుకోరు. చిన్న సబ్బు బిళ్ల ఒకటి ఉండాలి.

ఇక దుమ్ము. అంబోసెలిలో అది దుమ్ము కాదు, ముఖానికి రాసుకునే పౌడరే. ముందు బండి లేపిన మేఘంలోంచి మన బండి వెళ్తుంది. మాస్కులు చెమటకు తడిసి చిరాకు పుట్టించాయి. చివరికి పనికొచ్చినవి నా పాత కాటన్ చున్నీ, మావారి కండువా. మూతికి కట్టుకోవచ్చు, కెమెరాకు కప్పొచ్చు, పొద్దున మెడకు చుట్టుకోవచ్చు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లజోడు తెచ్చుకోవాలి. కెమెరా లెన్సు బండిలో మార్చొద్దు.

కెమెరా కంటే ముందు బైనాక్యులర్స్ చూసుకోండి. ఫోన్లో చిరుతపులి చెట్టు మీద చుక్కలా పడుతుంది, అంతే. 8x42 రకం (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) బాగుంటుంది. ముగ్గురికీ ఒకటే పట్టుకెళ్లాం, చీతా కనిపించినప్పుడల్లా ఇంట్లో టీవీ రిమోట్ గొడవే. కనీసం రెండు ఉండాలి. పెద్ద లెన్సు హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకున్నాం. దాన్ని ఆన్చడానికి పాత దిండు గలీబును చిన్న సంచీలా కుట్టి ఖాళీగా పట్టుకెళ్లాను. క్యాంపు వంటాయన అందులో రెండు కిలోల చిక్కుడు గింజలు పోసిచ్చాడు. చివరి రోజు మళ్లీ ఆయన డబ్బాలోనే పోసి వచ్చాం, ఎన్ని గింజలు తిన్నారని లెక్కెట్టినట్టు నటించాడు.

మనవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సింది ప్లాస్టిక్ కవర్ల గురించి. చెప్పులకో కవరు, పచ్చడికో కవరు, ఆ కవరుకు ఇంకో కవరు. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. చట్టంలో 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, లేదా నాలుగేళ్ల దాకా జైలు. 2020 జూన్ నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా కుదరదు. స్టీలు సీసాలు పెట్టుకోండి. అన్నీ గుడ్డ సంచుల్లో సర్దండి. దారిలో ఎయిర్‌పోర్టు దుకాణంలో ఇచ్చిన కవరు కూడా దిగేముందు విమానంలోనే వదిలేయాలి.

మందులు, కాగితాలు చేతిసంచీలోనే. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కు పంపొచ్చు. హైదరాబాద్‌లో మేం నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. అమ్మానాన్నలకు 60 దాటి ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడండి, ఆ వయసువాళ్లకు ఆలోచించి మరీ వేస్తారు. మలేరియా మాత్రలు కూడా డాక్టరే రాయాలి. తిరిగొచ్చాక కూడా వేసుకోవాల్సిన కోర్సు అది, మధ్యలో ఆపేయకండి. దోమల క్రీము, వాంతి మాత్రలు, ఓఆర్ఎస్, టిష్యూలు ఉంచుకోండి. అక్కడ రోడ్లు ఎముకలు కదిలిస్తాయి. మధ్యలో బాత్రూము అవసరమైతే "టైర్లు చూసుకోవాలి" అని డ్రైవరుతో అంటే చాలు, అర్థమైపోతుంది. చుట్టూ చూసి, భద్రం అనుకున్న చోట ఆపుతాడు, బండి వెనక్కి వెళ్లిరావడమే. అత్తయ్య మొదటి రోజు అందుకు భయపడి నీళ్లే తాగలేదు, సాయంత్రానికి తలనొప్పి.

ప్లగ్గు మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది, మనది పట్టదు. అడాప్టరు, పవర్ బ్యాంకు, టార్చి కావాలి. టిప్పులకు డాలర్లు చిన్న నోట్లుగా, కొత్త సిరీస్‌వి తీసుకోండి, పాతవి చాలాచోట్ల ముట్టుకోరు.

నాన్నగారి మోకాళ్ల విషయం. బండి మెట్టు బాగా ఎత్తు. చిన్న స్టూలు ఉంచమని ఆపరేటరుకు ఇప్పుడే మెయిల్ పెట్టండి. అత్తయ్య ఎక్కేటప్పుడల్లా మా డ్రైవరు "పోలే పోలే" అంటూ చెయ్యి అందించేవాడు, మెల్లగా మెల్లగా అని. చీరతో ఆ మెట్టు కష్టం, అమ్మగారికి పంజాబీ డ్రెస్సులు పెట్టండి. మోకాలి పట్టీ కూడా మర్చిపోవద్దు. పైకప్పులోంచి చూడాలంటే నిలబడాలి, ఆయనకు కిటికీ పక్క సీటు ఇస్తే కూర్చునే చూడొచ్చు. ఏనుగులు కిటికీలోంచే బాగా కనిపించాయి మాకు.

రైస్ కుక్కర్ వద్దు. చాలా టెంట్లలో సోలార్ కరెంటు, ఫోన్ ఛార్జింగుకు, లైట్లకు సరిపోతుంది, కుక్కర్ పెడితే మొత్తం ఆగిపోతుంది. మేమున్న రెండు చోట్లా అన్నం, పప్పు, చపాతీ ఉన్నాయి, చపాతీని అక్కడా చపాతీ అనే అంటారు. కందిపొడి, ఆవకాయ చిన్న స్టీలు డబ్బాల్లో తీసుకెళ్లి, టెంట్లో కాకుండా భోజనాల దగ్గరే ఇచ్చి ఉంచండి. మా పక్క టెంటువాళ్లు బిస్కెట్లు లోపల పెట్టుకుంటే కోతి జిప్పు తీసి మరీ లోపలికి వెళ్లింది.