డిక్లరేషన్ మీద సంతకం లేకపోతే పోస్టల్ ఓటు కవరే తెరవరు

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. హన్మకొండలో ఉంటాం గానీ మా ఇంటిల్లిపాది ఓట్లు నెక్కొండ మండలంలోని అత్తగారి ఊర్లోనే ఉన్నాయి. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో నాకు వేరే మండలంలో ఓపీవో (పోలింగ్ కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారికి సాయపడే సిబ్బంది) డ్యూటీ పడింది. పోస్టల్ బ్యాలెట్ ఇంటికి తెచ్చుకుని, నింపి, బంధువుల చేత పంపించాను. డిక్లరేషన్ మీద గెజిటెడ్ సంతకం లేదని నా కవరు తెరవకుండానే పక్కన పెట్టారట. మా వార్డులో గెలుపు తేడా చాలా తక్కువ. ఇప్పుడేమైనా చేయొచ్చా? ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు వచ్చినప్పుడు ఏమేం సిద్ధం చేసుకోవాలి? మావారు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. అత్తమ్మకు 88 ఏళ్లు, అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. వాళ్లిద్దరికీ పోస్టల్ ఓటు వస్తుందా?
- ఒక ఉపాధ్యాయిని, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందు బాధ కలిగించే మాటే చెప్పాల్సి వస్తోంది. ఆ ఓటు ఇక లెక్కలోకి రాదు. ఫలితం ప్రకటించాక పంచాయతీ ఎన్నికను ప్రశ్నించాలంటే ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. రాజ్యాంగంలోని 243-ఓ అధికరణం మిగతా దారులన్నీ మూసేసింది. పిటిషన్ వేసినా అధికారి చట్టాన్ని తప్పారని చూపించాలి. మీ విషయంలో సంతకం లేని మాట నిజం కాబట్టి కవరు పక్కన పెట్టడం సరైనదే అవుతుంది. ఈ కేసు మీద డబ్బు, సమయం పెట్టమని నేను సలహా ఇవ్వను.

సంతకం ఒక్కటి లేనంత మాత్రాన ఓటే పోతుందా అని మీకు అనిపించి ఉంటుంది. పోస్టల్ ఓటులో కాగితాలు మూడు అంచెలుగా ఉంటాయి. మార్కు పెట్టిన బ్యాలెట్ లోపలి చిన్న కవర్లో ఉంటుంది. ఆ చిన్న కవరు, డిక్లరేషన్ రెండూ పెద్ద కవర్లో ఉంటాయి. లెక్కింపు బల్ల దగ్గర పెద్ద కవరు విప్పగానే మొదట డిక్లరేషన్ తీస్తారు. అందులో మీ పేరు, బ్యాలెట్ క్రమసంఖ్య, మీ సంతకం, అది మీరే పెట్టారని ధ్రువీకరించే గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా అని చూస్తారు. బూత్‌లో అయితే మీ ముఖం, మీ గుర్తింపు కార్డు మీరే ఓటరని చెప్తాయి. పోస్టల్ ఓటులో ఆ పని మొత్తం ఈ డిక్లరేషనే చేయాలి. అది సరిగా లేకపోతే చిన్న కవరును ముట్టుకోరు. లోపల ఎవరికి ఓటు వేశారో ఎవరికీ తెలియకుండానే అది తిరస్కరణ కట్టలోకి పోతుంది. డిక్లరేషన్ పొరపాటున చిన్న కవర్లో పెట్టి అంటించినా ఇదే గతి. పెద్ద కవరు విప్పినప్పుడు అది కనపడదు కదా.

చాలామంది టీచర్లు అసెంబ్లీ ఎన్నికల అలవాటునే పంచాయతీకి తెచ్చుకుంటున్నారు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘం నడిపేవి. పోస్టల్ ఓటు కోసం పెట్టే ఫారం-12, ఫారం-12డి దరఖాస్తులు వాటివే, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల కింద ఉన్నవి. స్థానిక ఎన్నికలు 243-కె అధికరణం కింద రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కింద జరుగుతాయి. దరఖాస్తు ఫారం వేరు, ఓటరు జాబితా వేరు. మీ ఓటరు కార్డు మీద ఉన్న అసెంబ్లీ పార్ట్ నంబరు ఇక్కడ పనికిరాదు. పంచాయతీకి వార్డులవారీ జాబితా ఉంటుంది, అందులోని వార్డు నంబరు, క్రమసంఖ్య రాయాలి. ఇప్పుడే రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో గానీ పంచాయతీ కార్యదర్శి దగ్గర గానీ చూసి రాసి పెట్టుకోండి. డ్యూటీ ఆర్డర్ వచ్చాక వెతుక్కుందామంటే అప్పటికి శిక్షణ, సామగ్రి హడావిడిలో ఉంటారు.

డిసెంబరు తేదీలు చూస్తే దీనికి ఎంత తక్కువ సమయం దొరుకుతుందో అర్థమవుతుంది. మొదటి విడత ఉపసంహరణ గడువు 3వ తేదీ, పోలింగ్ 11న. రెండో విడత 6న, 14న. మూడో విడత 9న, 17న. ఎవరు బరిలో ఉన్నారో, ఎవరికి ఏ గుర్తు వచ్చిందో తేలేదాకా బ్యాలెట్ ఇవ్వలేరు. అంటే అంతా కలిపి ఎనిమిది రోజులు. పైగా పంచాయతీలో పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకే, 2 గంటల నుంచి అదే రోజు లెక్కింపు. ఈ కొద్ది వ్యవధిలో పోస్టు మీద ఆధారపడొద్దని, ఇంకొకరి చేత పంపొద్దని గట్టిగా చెప్తున్నాను. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికల్లో 2019లో మే 6, 10, 14 తేదీల్లో పోలింగ్ జరిగితే జూన్ 4న లెక్కించారు. అంత వ్యవధి ఈసారీ ఉంటుందని అనుకోవద్దు.

మీరు చేయాల్సింది ఇదీ. డ్యూటీ ఆర్డర్ అందిన రోజే రెండు జిరాక్స్‌లు తీయించండి, ఓటరు కార్డుకూ ఒకటి. మొదటి శిక్షణకు వెళ్లినప్పుడే పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తు అడిగి, అక్కడే నింపి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బ్యాలెట్‌ను ఇంటికి తెచ్చుకోవద్దు. మీ ఓటు ఉన్న మండలం ఎంపీడీవో కార్యాలయంలో ఫెసిలిటేషన్ సెంటర్ (డ్యూటీ సిబ్బంది పోస్టల్ ఓటు వేసే చోటు) పెడతారు, అక్కడికే వెళ్లండి. గెజిటెడ్ అధికారి అక్కడే ఉంటారు. ఆయన ముందు డిక్లరేషన్ మీద సంతకం చేసి, ఆయన సంతకం, ముద్ర పడ్డాకే ఓటు వేయడానికి పక్కకు వెళ్లండి. బ్యాలెట్ క్రమసంఖ్య, చిన్న కవరు మీది సంఖ్య, డిక్లరేషన్‌లో రాసిన సంఖ్య ఒకటేనా అని వేలు పెట్టి చూసుకోండి. బ్యాలెట్లు రెండుంటాయి కాబట్టి ఇది ముఖ్యం. పంచాయతీలో సర్పంచ్‌ది గులాబీ, వార్డు సభ్యుడిది తెలుపు. మండల, జిల్లా పరిషత్‌లలో ఎంపీటీసీది గులాబీ, జడ్పీటీసీది తెలుపు. బ్యాలెట్ మీద సంతకం గానీ, పేరు గానీ, వేలిముద్ర గానీ పడకూడదు.

పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఉండవు, గుర్తులే ఉంటాయి. ఉంగరం ఎవరిదో, కత్తెర ఎవరిదో ఊర్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది, హన్మకొండలో ఉన్నవాళ్లకు తెలియదు. సెంటర్‌కు బయల్దేరే ముందే అభ్యర్థుల జాబితా తెప్పించుకోండి. లోపలికెళ్లి ఫోన్ చేసి అడగడం, బ్యాలెట్ ఫొటో తీసి పంపడం చేయొద్దు. ఓటు రహస్యం పోతుంది, ఉద్యోగం మీదికీ వస్తుంది. 'కవర్లు మాకివ్వండి, మేం వేసేస్తాం' అని వచ్చే నాయకులకు అస్సలు ఇవ్వొద్దు. ఓటుకు డబ్బు ఇచ్చినా, తీసుకున్నా భారతీయ న్యాయ సంహిత 173 సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తీసుకున్నవారికీ వర్తిస్తుందన్న సంగతి ఉద్యోగులు మర్చిపోతుంటారు.

ఒక విషయం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. చిన్న వార్డులో పోస్టల్ ఓటు ఒక్కటే వస్తే, ఏజెంట్ల ముందు విప్పగానే టీచరమ్మ ఎవరికి వేసిందో ఊరంతా ఊహించేస్తుంది. పోస్టల్ ఓట్లను మిగతా బ్యాలెట్లలో కలిపి లెక్కించాలని నేను బలంగా కోరుకుంటున్నాను. ఎన్నికల పని చేసినందుకు ఒక ఓటరు తన రహస్యాన్ని వదులుకోవాల్సి రావడం న్యాయం కాదు. ఈ భయంతోనే దరఖాస్తు పెట్టని వాళ్లుంటారు. అయినా మీరు ఆగొద్దు. ఇంకో సంగతి, పోస్టల్ బ్యాలెట్ ఇచ్చాక జాబితాలో మీ పేరు పక్కన ఆ గుర్తు వేస్తారు. డ్యూటీ రద్దయి మీరు ఊరికి వెళ్లినా బూత్‌లో ఓటు వేయనివ్వరు.

మీవారికి పోస్టల్ ఓటు రాదు. ఎన్నికల డ్యూటీలో లేని సింగరేణి ఉద్యోగి స్థానిక ఎన్నికల్లో ఊరికి వచ్చి ఓటు వేయాల్సిందే. తేదీ ప్రకటించగానే సెలవుకు గానీ షిఫ్టు మార్పుకు గానీ రాతపూర్వకంగా అడగమనండి. పంచాయతీ పోలింగ్ అయితే ఒంటిగంటకే ముగుస్తుంది, పొద్దున డ్యూటీ దిగి వద్దామంటే కుదరకపోవచ్చు.

అత్తమ్మగారికి అసెంబ్లీలో దొరికిన ఇంటి ఓటు 1961 నిబంధనల్లోని సౌకర్యం, పంచాయతీకి అది వర్తించదు. ఆవిడను బూత్‌కు తీసుకెళ్లాలి. ఎండ ఎక్కక ముందే వెళ్తే మేలు. వరుసలో నిలబెట్టకుండా ముందు పంపమని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. చూపు ఆనకపోయినా, మార్కు వేసే శక్తి లేకపోయినా 18 ఏళ్లు నిండిన ఒకరిని సాయంగా లోపలికి అనుమతిస్తారు. ఆ రోజు మీరు డ్యూటీలో ఉంటారు కాబట్టి, ఎవరు వెంట వెళ్లాలో ఇంట్లో ముందే అనుకోండి. ఒక మనిషి ఒక్కరికే సాయంగా వెళ్లగలరు, పక్కింటి ముసలమ్మకు సాయం వెళ్లినవారు మళ్లీ మీ అత్తమ్మకు పనికిరారు.