చిన్నప్పటి ఏడీహెచ్‌డీ తగ్గిపోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 8వ ఏట ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచురుకుదనం ఉండే సమస్య) అన్నారు. క్లాసులో ఒక్కచోట కూర్చునేవాడు కాదు. మందులు వాడాం. తొమ్మిదో తరగతికి నెమ్మదించాడని ఆపేశాం. ఇప్పుడు హాస్టల్లో ఇంటర్ సెకండియర్. గంటలకొద్దీ పుస్తకం ముందు కూర్చుంటాడు, పేజీ తిరగదు. వీక్లీ టెస్టంటే కడుపునొప్పి, నిద్ర పట్టదు. మావారు బద్ధకం అంటున్నారు. పాత మందులు మళ్లీ వేయమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మందులు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఆ డోసు అప్పటి పిల్లాడిది. పైగా ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు కొందరిలో గుండెదడ, నిద్రలేమి పెంచుతాయి. మరికొందరికి ధ్యాస కుదిరి, టెన్షనే తగ్గుతుంది. మీవాడి సంగతి సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. అటమాక్సెటిన్ లాంటి వేరే మందులూ ఉన్నాయి. పాత ఫైలు, ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లండి.

వయసుతో గంతులు, పరుగులు తగ్గడం మామూలే. కానీ మతిమరుపు, పనులు వాయిదా వేయడం, టైము అంచనా తెలియకపోవడం చాలామందిలో ఉండిపోతాయి. కాళ్లలోని పరుగు మనసులోకి చేరుతుంది. ఇన్నాళ్లూ అది బయటపడకపోవడానికి మీరే కారణమేమో! బ్యాగు సర్దింది, హోంవర్క్ గుర్తుచేసింది, పొద్దున్నే లేపింది బహుశా మీరే. హాస్టల్లో ఆ ఆసరా లేదు, సిలబస్సేమో కొండంత. చిన్నప్పటినుంచీ తిట్లు తిన్న పిల్లాడు పరీక్ష రాయకముందే ఓడిపోయాననుకుంటాడు. ఏడీహెచ్‌డీకి ఆందోళన తోడవడం ఇలాగే ఎక్కువగా చూస్తుంటాం.

సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు గమనించండి. ఏ పరీక్షా లేకపోయినా చార్జర్ ఎక్కడ పెట్టాడో, మీరేం తెమ్మన్నారో మరిచిపోతుంటే అది పాత సమస్యే. టెస్టు దగ్గరపడితేనే బుర్ర పనిచేయక, అయిపోగానే మామూలైపోతే ఆందోళనది పైచేయి. రెండూ కలిసి ఉండటమూ సాధారణమే. ఆందోళనకు సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. మీవారికి మాత్రం ఒక మాట చెప్పండి: బద్ధకస్తుడు పరీక్ష ముందురోజు హాయిగా నిద్రపోతాడు.

ఈలోగా వార్డెన్‌తో మాట్లాడి, స్టడీ అవర్‌లో 25 నిమిషాలకోసారి లేచి తిరిగే వీలు అడగండి. ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు నిద్ర, తిండి సంగతి అడగండి. "బతకాలని లేదు" లాంటి మాట ఎప్పుడైనా అంటే అపాయింట్‌మెంట్ రోజు వరకూ ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.